అడుగున ఉంచిన పిడికెడు

"తీసెయ్యమంటే తీసెయ్యవేటే? కూడు పెట్టేది అదా, ఇదా?"

"తియ్యను మామ్మా. బియ్యం డబ్బా అడుగు నువ్వు ఏనాడైనా గీకనిచ్చావేటి? నన్ను మట్టుకు ఉన్నదంతా ఊడ్సెయ్యమంటన్నావు."

"బియ్యం తింటాం. అదెవరు తింటారే?"

"మరైతే నాన్న కుర్సీ ఎందుకు అక్కడే ఉంచావు? ఎవరు కూకుంటన్నారు అందులో?"

ఆ కుర్చీ మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంచుకుంటున్నాను, అది పనికొస్తోంది కాబట్టి ఉంచాను అని చెప్పవచ్చు. చెప్పినా అది వినే మనిషి కాదు.

ఈ దెబ్బలాట నాకూ నా మనవరాలికీ. చీపురుపల్లిలో మా ఇంటి ముందు గదిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక. మా గుంట ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గోడకు చేరగిలబడి ఉంది. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఇద్దరు మనుషుల కోసం రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు తిరగడానికి నేను ఒప్పుకోను. అందుకని దాని ఉద్యోగం నేనున్న గదిలోనే జరుగుతుంది. దాని ఆఫీసువాళ్ళ మాటలూ, విసుగులూ, నవ్వులూ అన్నీ నా చెవిన పడతాయి. నన్ను మూడో తరగతి మధ్యలోనే బడి మాన్పించారు, ఇంగ్లీషు ముక్క రాదు. కానీ రోజూ వింటూ ఉంటే ఎంతోకొంత పట్టుబడుతుంది. పట్టుబడనిది అడుగుతాను. అది విసుక్కుంటూనే చెబుతుంది.

దానికి విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు ఫోనులోనే చీటీ వచ్చేలా చేసే ప్రోగ్రాం వాళ్ళది. అందులో ఒక భాగం దీని వంతు. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చన్నారు. అయితే కొన్నాళ్ళు పని చూస్తామనీ, నచ్చితే ఉంచుకుంటామనీ ముందే చెప్పారు. దీనితోపాటు చేరిన ఒక పిల్లను అప్పటికే పంపించేశారు. మర్నాడు పొద్దున్న కంపెనీ పెద్దాయన దీని పని చూస్తానన్నాడు. అతని ఎదుట తెర మీద అది తెరుచుకుని నడవాలి. నడిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఉండదు. మా అబ్బాయి పోయాక ఇంట్లోకి వచ్చేది మా కోడలి జీతం ఒక్కటే. ఆమె చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. అందుచేత ఆ పొద్దున్న ఎలాంటిదో ఇంట్లో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

అది నడవడం లేదు.

ఎందుకు నడవడం లేదో నాకు అర్థమైనంత మట్టుకు చెబుతాను. ఈ ప్రోగ్రాంలు రాసేవాళ్ళు అన్నీ సొంతంగా రాసుకోరట. తేదీలు సరిచూసేది ఒకరు, అచ్చు వేసేది ఇంకొకరు, ఎక్కడెక్కడివాళ్ళో రాసి పెట్టి ఉంచుతారు. కావలసినవాళ్ళు తెచ్చుకుని తమదాంట్లో కలుపుకుంటారు. ఆ తెచ్చుకునేవాటిని లైబ్రరీలంటారు. వాటిని రాసినవాళ్ళు ఊరికే ఉండరు. మారుస్తూ ఉంటారు, మార్చినప్పుడల్లా కొత్త నంబరు వేస్తారు. పాత నంబరుకు అలవాటుపడ్డది కొత్తదానితో నడవదు. కొత్తదానికి తగ్గట్టు రాసింది పాతదానితో నడవదు. ఆఫీసులో అందరూ కొత్త నంబరుకు మారారు. ఇదీ మారింది. కానీ ల్యాప్‌టాప్‌లో ఇది ప్రోగ్రాం రాసుకునే పనిముట్టు మాత్రం, నడిపించమని నొక్కగానే ఎక్కడి నుంచో పాత నంబరునే పట్టుకొచ్చి తెరనిండా ఎర్ర అక్షరాలు పరుస్తోంది.

ముందురోజు నుంచీ ఇదే వరస. కొత్తది వేస్తుంది. పడిందని మిషను చెబుతుంది. నడిపిస్తే పాతదే వస్తుంది. తీసేసి మళ్ళీ వేస్తుంది. మళ్ళీ పాతదే. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యవే, మిక్సీ అలాగే కదా బాగుపడింది అన్నాను. నా ముఖం చూసి, ఆపి మళ్ళీ వేసింది. "అయ్యిందా? ఇప్పుడు నీ మిక్సీకి కూడా ఎర్రగానే వచ్చింది సూడు" అంది.

ఆఫీసులో దీనికన్నా ముందు చేరిన ఒకామె ఉంది. ఇది అక్కా అని పిలుస్తుంది. ఆమెకు ఫోను చేసింది. ఆమె చాలాసేపు విని, నీ మిషను నిండా పాత సామాను ఉన్నట్టుంది, ఒకటొకటీ వెతుక్కుంటూ కూర్చోకు, మొత్తం తుడిచేసి మొదటి నుంచి వేసుకో, సాయంత్రానికి అయిపోతుంది అని చెప్పింది. ఫోను నేలమీద పెట్టి మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ విన్నాను. విని, తీసెయ్ మరి, ఇంకా చూస్తావేంటి అన్నాను. అది తియ్యనంది. దెబ్బలాట అక్కడ మొదలైంది.

దాని పట్టుదల దేని గురించో నాకు తెలుసు. ఆ ల్యాప్‌టాప్ మిషను దానిది కాదు. మా అబ్బాయి కొట్టుది.

మా అబ్బాయికి ఇక్కడే బజారులో ఎరువుల కొట్టు ఉండేది. పిల్ల విజయనగరంలో చదువుకుంటున్నప్పుడు, నేర్చుకున్న చదువు దేనికో ఒకదానికి పనికిరావాలని వాళ్ళ నాన్న కొట్టుకు ఒక ప్రోగ్రాం రాసింది. ఏ బస్తాలు ఎన్ని మిగిలాయో చూపిస్తుంది, రైతుకు చీటీ అచ్చు వేసి ఇస్తుంది. మా అబ్బాయి ఒంటివేలితో నొక్కేవాడు. నొక్కి, వచ్చిన చీటీని చించి ఇచ్చేటప్పుడు ఎదుటివాడు చూశాడో లేదో చూసుకునేవాడు.

అయితే మిషను తనంతట తాను కొత్త నంబర్లు తెచ్చుకున్నప్పుడల్లా అది ఆగిపోయేది. యూరియా కోసం జనం వరస కట్టి నిలబడి ఉండగా హాస్టలుకు ఫోను చేసేవాడు. ఏటో ఎర్రగా వచ్చీసింది అమ్మా, అందరూ నిలబడున్నారు అనేవాడు. అది క్లాసు మధ్యలోంచి బయటికొచ్చి చెప్పేది. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక, ఒక సెలవుల్లో వచ్చి ఆ ప్రోగ్రాంకు కావలసిన పాత లైబ్రరీలన్నీ ఒక పక్కన విడిగా పెట్టింది. ఎవరు ఏది అడిగినా, ఎన్ని కొత్తవి వచ్చినా, ముందు ఇక్కడే వెతకాలి అని మిషనుకు ఒక వరస రాసి పెట్టింది. పెట్టి, వాళ్ళ నాన్నతో, మామ్మ బియ్యం డబ్బాలో ఉంచినట్టే అడుగున పిడికెడు ఉంచాను నాన్నా, పైన ఎవరు ఏది పోసినా నీది ఉంటాది అంది. ఆ మాటకు మా అబ్బాయి నవ్వాడు.

మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు చూడకూడదు. పిడికెడు ఉండగానే పైన కొత్త బియ్యం పోస్తాం. మా అత్తగారు అలా చేసేది, నేనూ చేస్తాను. కడిగి ఆరబెట్టి నింపుకోవచ్చు కదా అని కోడలు కొత్తలో అడిగింది. అడుగు ఖాళీ చేస్తే ఇల్లు ఖాళీ అవుతుందని చెప్పాను. ముక్కపురుగు ఆ పిడికెడులోంచే పైకి పాకుతుందని నాకు తెలియక కాదు. తెలిసే ఎండబెట్టుకుంటాం, చెరుగుకుంటాం, ఏరుకుంటాం. పిడికెడు మట్టుకు తియ్యం. పిల్ల అదే చూసి పెరిగింది.

మొన్నటి చలికాలంలో మా అబ్బాయి కొట్లో బస్తా లాగబోయి కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు. కర్మలయ్యాక శ్రీకూర్మం వెళ్ళి పిండం పెట్టించి వచ్చాం. సరుకు వేరే కొట్టువాళ్ళకు ఇచ్చేశాం. ఆ గదిలో ఇప్పుడు చెప్పులు అమ్ముతున్నారు. మిషను ఇంటికి వచ్చింది. పిల్లకు ఉద్యోగం వచ్చాక కొత్త ల్యాప్‌టాప్ కావాలంది. ఇంట్లో ఒకటి ఉండగా మరొకటి ఎందుకన్నాను. అలా కొట్టు మిషను మీద కంపెనీ పని మొదలైంది.

నేను ఏడవలేదని వీధిలో అనుకున్నారు. నిజమే. ఏడుపు వస్తుందని కొన్నాళ్ళు ఎదురుచూశాను. రాలేదు. పొద్దున్నే లేచేదాన్ని, వాకిలి తుడిచేదాన్ని, రాగి పిండితో చోడి అంబలి కాచేదాన్ని. ఆకలి వేళకు వేసేది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు, మిగతావాళ్ళూ చెప్పేవారు కాదు. ముగ్గురం అలాగే తిని లేచేవాళ్ళం. ఇంట్లో చాలా నెలల తరవాత గట్టిగా వినపడ్డ మాటలు ఆ మధ్యాహ్నపు దెబ్బలాటే.

నేను బియ్యం ఏరడం ముగించి లోపల పెట్టి వచ్చాను. అది మళ్ళీ అక్కకు ఫోను చేసింది. తుడవడం కుదరదు అక్కా, అందులో మావాళ్ళది ఒకటి ఉంది, ఇంకేదైనా దారి చెప్పు అంది. ఆమె అయితే ఈ పనికి ఒక్కదానికీ వేరే గది కట్టు అంది. మిషనులో అలా కట్టుకోవచ్చట. ఆ గదిలో వేసుకున్న లైబ్రరీలు ఆ గదివే, బయటివాటితో సంబంధం ఉండదు. అన్నదమ్ములు ఒకే కప్పు కింద వేరు పొయ్యి పెట్టుకున్నట్టన్నమాట. అదే సామాను మళ్ళీ ఇంకోసారి తెచ్చి పెట్టడమేగా, దండగ అనుకున్నాను. పైకి అనలేదు.

గది కట్టడానికి చాలాసేపు పట్టింది. స్టేషను వైపు రైళ్ళు వెళ్తున్న చప్పుడు వింటూ గుంట గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. కొరక్కే అన్నాను. మానేసింది. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టింది. అయిపోయాక నొక్కింది. ఎర్ర అక్షరాలు. అందులో పాత నంబరే.

ఈసారి అక్కకూ అంతుపట్టలేదు. అలా రాకూడదే, గది వేరు కదా అంది. మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చేసింది. నేను టీ పెట్టి ఇచ్చాను. అది తాగలేదు, తొరక కట్టింది. మళ్ళీ పాత నంబరే వచ్చింది. పిల్ల ముఖంలో ఏడుపూ లేదు, కోపమూ లేదు. గోగునార ఒలిచేవాళ్ళు చెయ్యి చూసుకోకుండా ఒలిచినట్టు అవే మీటలు నొక్కుతోంది. సాయంత్రం నాలుగు దాటింది. ఇంక పంపించేస్తారు మామ్మా అంది, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు. పంపిస్తే పంపిస్తారు, టీ తాగు అన్నాను. నేనూ వేరే ఎవరి సంగతో అన్నట్టే అన్నాను.

అప్పుడు అక్క ఒక చిన్న వాక్యం పంపింది. అది రాసి అడిగితే, నువ్వు ఎక్కడెక్కడ వెతుకుతున్నావు, ముందు ఎక్కడ, తరవాత ఎక్కడ అన్నది మిషను చెబుతుందట. పిల్ల రాసి అడిగింది. వరసలు వరసలుగా వచ్చాయి. నాకు ఆ ఇంగ్లీషు చదవడానికి రాదు. పిల్ల పైకి చదవబోయి మొదటి వరస దగ్గరే ఆగిపోయింది.

"ఏటి?" అన్నాను.

"నాన్న కొట్టు."

పాత లైబ్రరీలను పక్కన పెట్టిన చోటుకు అది అప్పట్లో ఆ పేరే పెట్టిందట. ఫోనులో అక్క, అదేంటి, దాన్ని ముందు ఎవరు పెట్టారు అని అడుగుతోంది. నేనే అక్కా, చదువుకునేటప్పుడు అంది. మర్చిపోయావా అంది ఆమె. మర్చిపోయానంది. సంగతి ఇదీ. గది వేరు కట్టినా, ఏ గదిలోంచి ఎవరు ఏది అడిగినా, మిషను ముందుగా వెళ్ళి మా అబ్బాయి కొట్లోనే వెతుకుతోంది. అక్కడ పాతది దొరుకుతోంది. దొరికాక ఇంకెక్కడికీ వెళ్ళడం లేదు. పిల్ల చెప్పినట్టే చేస్తోంది. అక్క, ఇంకేమీ తుడవక్కర్లేదు, ఆ ఒక్క వరస తీసెయ్ చాలు, నాకు మీటింగ్ ఉంది అని చెప్పి పెట్టేసింది.

పిల్ల తియ్యలేదు. మిషను వైపు చూస్తూ కూర్చుంది.

"అది తీస్తే ఏటవుతాది?" అన్నాను.

"నాది నడుస్తాది. నాన్నది తెరుసుకోదు."

"ఇంకెప్పుడూనా?"

"కూకుని సరిజేస్తే తెరుసుకుంటాది. దానికీ ఒక గది కట్టాల."

"ఎప్పుడు కడతావు?"

"తెల్దు మామ్మా. ఇప్పుడు కాదు."

మధ్యాహ్నం అన్నట్టు తీసెయ్ అని మళ్ళీ అనలేదు. అనవలసినది అప్పుడే అనేశాను.

తీసేముందు అది ఆ ప్రోగ్రాంను ఒకసారి తెరిచింది. నేను పక్కకు జరిగి చూశాను. అందులో పేర్లు వాళ్ళ నాన్న కోసం తెలుగులో రాసింది కాబట్టి నేనూ చదవగలిగాను. యూరియా. పొటాష్. జింకు. వరి విత్తనాలు. ఒక్కోదాని ఎదురుగా ఎన్ని బస్తాలు మిగిలాయో ఉంది. ఆ బస్తాలు ఎప్పుడో ఎవరి పొలాల్లోనో కరిగిపోయాయి. మిషను లెక్క ప్రకారం ఇంకా కొట్లోనే ఉన్నాయి. పొటాష్ తక్కువగా ఉందని ఒక మూల ఎర్ర చుక్క వెలుగుతోంది.

అంతలో కోడలు బడి నుంచి వచ్చింది. భుజాన సంచి తియ్యకుండానే వెనకనుంచి వంగి తెర చూసింది. ఇదెందుకు తెరిశావు అని అడిగింది. తీసెయ్యాలమ్మా అంది పిల్ల, కారణం కూడా చెప్పింది. కోడలు మొత్తం విన్నది. పొటాష్ తెప్పించాలని మీ నాన్న నాతో కూడా అన్నారు, పోయే ముందురోజు అంది. కాసేపు నిలబడి, పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. కడుక్కుని వచ్చి టీ ఉందా అని అడిగింది. పిల్ల తాగనిది ఉంది, వెచ్చబెట్టుకో అన్నాను.

పిల్ల ప్రోగ్రాం మూసింది. ఇంకేదో తెరిచింది. ఒక చిన్న గడిలో ఇంగ్లీషు అక్షరాల వరస ఒకటి ఉంది. దాన్ని నీలంగా చేసి ఒక మీట నొక్కింది. గడి ఖాళీ అయింది. అంతే. పెద్ద పని అనుకున్నాను, చెమట తుడుచుకున్నంతసేపు కూడా పట్టలేదు. పనిముట్టు మూసి మళ్ళీ తెరిచింది. చిన్న చక్రం తిరిగింది. నడిపించమని నొక్కింది. ఎర్ర అక్షరాలు రాలేదు. తెల్లటి తెర మీద ఆసుపత్రి చీటీ ఒకటి వచ్చింది. పేరు రాయవలసిన చోట గీత, తేదీ, సమయం.

వచ్చిందా అని లోపలి నుంచి కోడలు అడిగింది. వచ్చిందమ్మా అంది పిల్ల. చీటీని మళ్ళీ మళ్ళీ తెప్పించి చూసుకుంది, అక్కకు ఫోనులో రెండు మాటలు రాసి పంపింది. తరవాత మిషనును మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. వాళ్ళ నాన్న ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కింది. నల్లటి గడి ఒకటి వచ్చి, అందులో ఎర్రగా రెండు వరసలు పడి, దానంతటదే పోయింది. ఏం చూస్తానని నొక్కావే అని అడగాలనిపించింది. అది అప్పటికే లేచి జుట్టు ముడేసుకుంటోంది.

రాత్రికి వంకాయ కూర, చారు. ఎవరి కంచం వాళ్ళు కడుక్కున్నాం. నాకు గుండెలో ఏదైనా కదులుతుందేమోనని పడుకున్నాక చూసుకున్నాను. ఏమీ కదల్లేదు. నడుం నొప్పి మాత్రం తెలిసింది. నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్న పిల్ల తలస్నానం చేసి, పైన మాత్రం మంచి చొక్కా వేసుకుని కూర్చుంది. పెద్దాయన చెప్పిన వేళ దాటాక తెర మీదికి వచ్చాడు. చూపించమన్నాడు. చూపించింది. చీటీ వచ్చింది. ఇంకో పేరుతో తెప్పించమన్నాడు, తెప్పించింది. ఇంత చిన్నదానికి రెండు రోజులెందుకు పట్టిందని అడిగాడు. మిషనులో పాత సెట్టింగు ఒకటి ఉండిపోయింది సార్, తీసేశాను అని తెలుగులోనే చెప్పింది. అలాంటివి ఎప్పటికప్పుడు తీసేసుకుంటూ ఉండమన్నాడు. నిన్ను ఉంచుకుంటున్నాం, కాగితం పంపిస్తారు అన్నాడు. సరే సార్ అంది.

అతను వెళ్ళిపోయాక ల్యాప్‌టాప్ ఒళ్లోంచి తీసి నేల మీద పెట్టింది. ఉంచారు మామ్మా అంది. విన్నాను అన్నాను. అంబలి పోసి, ఉల్లిపాయ ముక్క పక్కన పెట్టి ఇచ్చాను. బడి విరామంలో కోడలు ఫోను చేసింది. ఉంచారమ్మా అని పిల్ల ఆమెకూ చెప్పింది. ఆమె అటునుంచి మంచిదే అంది. గ్యాసు బండ వచ్చిందా అని అడిగింది. రాలేదని పిల్ల చెప్పింది. తరవాత ఆఫీసు నుంచి వేరే పని పంపారు. పిల్ల అది చదువుకుంటూ కూర్చుంది.